ఎఱిగినవారి కొఱత: ఇంగ్లండులో మేధోవైకల్యముగల వయోజనుల సంరక్షణ

దక్షిణ ఇంగ్లండులోని బ్రైటన్ ప్రాంతమున హెవీ లోడ్ అను పంక్ సంగీత బృందమొకటి ఉండెడిది; అందలి వాద్యకారులు కొందఱు మేధోవైకల్యము గలవారు, కొందఱు లేనివారు. వారి కచేరీలకు వచ్చెడి శ్రోతలలో పెక్కుమంది అట్టి వైకల్యము గలవారే యగుటచేత బృందమువారికి ఒక విషయము మాటిమాటికి కంటబడుచుండెను: రాత్రి తొమ్మిది గంటలగునప్పటికి, పాట ఎంత మంచిపట్టులో నున్నను, సభ పలుచబడిపోవుచుండెను. శ్రోతలకు నిద్ర వచ్చి కాదు, సంగీతము రుచింపక కాదు. వెంట వచ్చిన సహాయకుల షిఫ్టు పదిగంటలకు ముగియును గనుక, తొమ్మిదింటికే లేచినగాని వారు ఇల్లు చేరి విధిని మఱియొకరికి అప్పగించుటకు వీలులేదు. బృందమువారు దీనిపై 'స్టే అప్ లేట్' అను పేర ఉద్యమమును లేవదీసిరి. అది పిదప ఒక ధర్మసంస్థగా నిలిచినది. నలుబది, ఏబది యేండ్ల వయసు వచ్చిన మనిషి ఏ వేళకు పడుకొనవలయునో ఉద్యోగుల హాజరుపట్టీ నిర్ణయించుచున్నదన్న మాట విన్నవారికి హాస్యముగా తోచవచ్చును. అనుభవించువానికి అది జీవితము.

సంరక్షణ రంగమున సిబ్బంది కొఱత యనగానే ఖాళీల సంఖ్య ముందు చెప్పుట వాడుక. ఆ సంఖ్యను నేనును చెప్పెదను. కాని గడచిన నాలుగైదు సంవత్సరముల చరిత్రను పరికించినచో, ఖాళీలు తగ్గిన యేడు సైతము ఈ మనుష్యుల ఇబ్బంది ఆ మేరకు తగ్గలేదు. ఏలయన వారికి కొఱవడుచున్నది కేవలము పనిచేయు చేతులు గాదు, తమ్మెఱిగిన మనిషి. ఆ ఎఱుక కుదురుటకు నెలలు, ఏండ్లు పట్టును, పోవుటకు ఒక రాజీనామా పత్రము చాలును.

బ్రిటనులో మేధోవైకల్యము గలవారు సుమారు 15 లక్షలమంది కలరని మెన్‌క్యాప్ సంస్థ చెప్పుచున్నది. వారిలో ఇంగ్లండు కౌన్సిళ్ల వ్యయముమీద దీర్ఘకాలిక సంరక్షణ పొందు వయోజనులు ఇంచుమించు లక్షన్నర. కొందఱికి వారమునకు నాలుగు గంటల తోడు చాలును: అద్దె గుఱించి వచ్చిన ఉత్తరమును చదివి చెప్పువారు, బ్యాంకునకు కూడ వచ్చువారు ఉన్న చాలును. కొందఱికి రేయింబవళ్లు ఇద్దఱేసి మనుష్యులు కావలయును. వైద్యము జాతీయ ఆరోగ్యసేవ బాధ్యత కాగా, ఈ సంరక్షణ స్థానిక కౌన్సిళ్ల బాధ్యత. కౌన్సిళ్లు తాము స్వయముగా చేయునది స్వల్పము, అధికభాగమును ధర్మసంస్థలకును, ప్రైవేటు కంపెనీలకును గంటల లెక్కన కాంట్రాక్టు ఇచ్చును. ఈ గంటల లెక్కయే అనేక దోషములకు మూలమని ముందు ముందు తేటపడగలదు.

ఈ యేర్పాటు ఎట్లు వచ్చినదో కొంచెము వెనుకకు పోయి చూడవలెను. ఇరువదవ శతాబ్ది మధ్యకాలమున ఈ వైకల్యము గలవారు వేలకొలదిగా ఊళ్లకు దూరమున కట్టిన పెద్ద ఆసుపత్రులలో బ్రతుకు వెళ్లబుచ్చిరి. కార్డిఫ్ నగరమందలి ఈలీ ఆసుపత్రిలో రోగులపై జరిగిన దౌర్జన్యములను గూర్చి జెఫ్రీ హౌ ఆధ్వర్యమున జరిగిన విచారణ 1969లో వెలువడినది. 1971లో ప్రభుత్వము శ్వేతపత్రము ప్రకటించి, వీరు ఆసుపత్రులు విడిచి ఊరిలో, వీధిలో, ఇండ్లలో నివసింపవలెనని సంకల్పించినది. ఆ సంకల్పము నెఱవేఱుటకు మూడు దశాబ్దములకు పైగా పట్టెను. ఆసుపత్రి గోడలు కూలిన పిమ్మట వాని స్థానమున నిలిచినది కట్టడము కాదు, చట్టము కాదు. ఉదయము ఏడింటికి తలుపుతట్టి లోనికి వచ్చు సహాయకుడు. స్వేచ్ఛ, ఎంపిక, గౌరవము మొదలైన మాటలన్నింటిని 2001 నాటి విధానపత్రము నుండి 2014 నాటి సంరక్షణ చట్టము వఱకు అందఱును ఘనముగా పలికిరి. ఆ మాటల బరువంతయు దేశములోకెల్ల తక్కువ జీతము పుచ్చుకొను ఉద్యోగులలో నొకనిపై పడినది.

ఇక సంఖ్యలు. ఇంగ్లండు వయోజన సంరక్షణ రంగములోని ఉద్యోగుల లెక్క చూచు స్కిల్స్ ఫర్ కేర్ సంస్థ చెప్పినదానిని బట్టి, 2021-22లో ఖాళీగా నున్న కొలువులు సుమారు 1,65,000. అనగా ప్రతి పదింటిలో ఒకటికి మించినవి. 2023-24 నాటికవి సుమారు 1,31,000కును, 2024-25 నాటికి సుమారు 1,11,000కును దిగినవి. ఇవి వృద్ధుల సంరక్షణను గూడ కలుపుకొన్న లెక్కలు. ఖాళీలకన్న నాకు ముఖ్యమని తోచునది మఱియొకటి: ఏటేట నలుగురిలో ఒకరు, కొన్ని సంవత్సరములలో అంతకన్న ఎక్కువమంది, తమ కొలువు విడిచిపోవుచున్నారు. అందు పెక్కురు అదే రంగమున వేఱొక సంస్థలో చేరుదురు గనుక రంగమునకు వారు నష్టము కారు. కాని వారు విడిచిన ఇంటిలోని మనిషికి మాత్రము నష్టమే. ఈ భేదమును గణాంకములు చూపవు.

ఎందుకు పోవుదురు? ఇందులో గూఢమేమియు లేదు. 2023 మార్చి నాటికి ఈ రంగములో ఐదేండ్లకు పైబడిన అనుభవముగల కేర్ వర్కర్‌కు, చేరి ఏడాదియైన కానివానికంటె, గంటకు సగటున 6 పెన్నీలు మాత్రమే అధికముగా లభించుచుండెను. చట్టము విధించిన కనీస వేతనము ఏటేట పెరుగుచున్నది, అది మంచిదే. కాని కౌన్సిళ్లు చెల్లించు ధర ఆ వేగమున పెరుగకపోవుటచేత, క్రిందిమెట్టు పైకి లేచి పైమెట్టును తాకినది. అనుభవమునకు వెల లేకుండపోయినది. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనము గంటకు 12.21 పౌండ్లు అయినది. అదే నెలలో యజమానులు చెల్లించు జాతీయ బీమా 13.8 శాతము నుండి 15 శాతమునకు పెరిగినది. సూపర్‌మార్కెటులో సరకులు సర్దువానికి ఇంచుమించు అదే జీతము, లేదా కొంచెము ఎక్కువ. అక్కడ ఎవరును కఱవరు, ఎవరికిని మూర్ఛ రాదు, మందు మోతాదు తప్పినచో విచారణ జరుగదు. ఇట్టి స్థితిలో పోయినవారిని గూర్చి ఆశ్చర్యపడుటకన్న నిలిచినవారిని గూర్చి ఆశ్చర్యపడుట న్యాయము.

రాత్రిపూట పని విషయమున జరిగిన వ్యాజ్యము ఈ సమస్యలోని చిక్కును బాగుగా తెలుపును. మేధోవైకల్యము గలవారి ఇంట రాత్రి పడుకొని, అవసరమైనపుడు లేచి ఆదుకొను పనిని 'స్లీప్-ఇన్' అందురు. నిద్రించు గంటలకును కనీస వేతనము ఈయవలెనా, రాత్రికింతయని నిర్ణయించిన మొత్తము చాలునా యని ఒక సహాయకురాలికిని మెన్‌క్యాప్‌నకును నడుమ వివాదము పుట్టి, పై న్యాయస్థానములకు ఎక్కి, 2021 మార్చిలో సుప్రీంకోర్టులో ముగిసినది: మెలకువగా నుండి పనిచేసిన కాలమునకే కనీస వేతనము వర్తించును, నిద్రించిన కాలమునకు కాదు. వైకల్యము గలవారి పక్షమున డెబ్బది యేండ్లుగా పోరాడుచున్న ధర్మసంస్థయే తన ఉద్యోగినికి ఎదురుగా న్యాయస్థానమున నిలువవలసివచ్చుట విచారకరము. ఓడిపోయినచో పాత బాకీలు చెల్లింపలేక అనేక సంస్థలు మూతపడి, ఇండ్లు కోల్పోవువారు ఆ వైకల్యము గలవారే యనుట గూడ అసత్యము కాదు. డబ్బునిచ్చు కౌన్సిళ్లు, ఆ కౌన్సిళ్లకు డబ్బునిచ్చు ప్రభుత్వము ఆ వ్యాజ్యములో కక్షిదారులు కాకపోవుట గమనింపదగినది.

ఎఱుక యని నేను పదేపదే పలుకుచున్నది ఏమో కొంచెము దగ్గఱగా చూపవలెను. మాటలు రాని యొక మనిషి ఉన్నాడనుకొందము. అతడు చెవిని అరచేతితో కొట్టుకొనుచున్నాడనిన అది పంటినొప్పి. భోజనపు బల్ల విడిచి మూలకు పోయి నేలపై కూర్చున్నాడనిన అది మలబద్ధము. కాఫీ కప్పును తిరగవేసి పెట్టినాడనిన ఇంకొకటి కావలెనని. ఈ నిఘంటువు ఏ పుస్తకమునను లేదు. కొంత సంరక్షణ ప్రణాళికలో వ్రాసి యుండవచ్చును, కాని ఏబది పుటల ఆ దస్త్రమును ఏజెన్సీ పంపగా అప్పుడే వచ్చిన మనిషి షిఫ్టు మొదటి పది నిమిషములలో చదువలేడు. మూడేండ్లు తోడున్న సహాయకురాలు డాక్టరునకు ఫోను చేసి, ఇతనికి పన్ను చూపింపవలెననును. ఈ ఉదయము వచ్చిన మనిషి అదే చేష్టను చూచి, ఇతడు తన్ను తాను కొట్టుకొనుచున్నాడని ప్రవర్తనల పట్టికలో వ్రాయును. ఆ వ్రాతలు నాలుగు పోగైన పిమ్మట మత్తుమందు మాట వచ్చును. ఇంగ్లండులో మేధోవైకల్యము గల వయోజనులు 30,000 నుండి 35,000 మంది వఱకు, తగిన మానసిక రోగనిర్ధారణ లేకయే మనోరోగపు మందులు మ్రింగుచున్నారని ప్రజారోగ్య శాఖ అంచనా వేయగా, దానిని అరికట్టుటకు 2016లో 'స్టాంప్' అను కార్యక్రమము మొదలైనది. మందు తగ్గించుట యనగా, తగ్గించు వారములలో మనిషిని కనిపెట్టుకొని యుండుట. కనిపెట్టుకొనుటకు, అంతకుముందు అతడెట్లుండెనో తెలిసినవాడు కావలెను. కావుననే ఆ కార్యక్రమము సిబ్బంది నిలుకడపై ఆధారపడినది.

ఆరోగ్యమునకు సంబంధించినంతవఱకు ఇది ప్రాణసమస్యయే. మేధోవైకల్యము గలవారి మరణములను 'లీడర్' అను పేర ఇంగ్లండులో ఏటేట సమీక్షింతురు. 2021లో మరణించినవారిలో 49 శాతము మరణములు తప్పింపదగినవియని తేలినది. సాధారణ ప్రజలలో ఆ నిష్పత్తి 22 శాతము. మరణించువారి మధ్యస్థ వయస్సు 62 ఏండ్ల దరిదాపున, అనగా ఇతరులకన్న సుమారు ఇరువది ఏండ్లు తక్కువగా నున్నది. కారణములలో వైద్యశాలల నిర్లక్ష్యము కలదు, పేదఱికము కలదు. అన్నింటిని సిబ్బంది కొఱతపై మోపుట సరికాదు. కాని ఆ మరణములలో పలుమాఱు కానవచ్చు వ్యాధులను చూడుడు: మ్రింగుటలో చిక్కుపడి ఊపిరితిత్తులకు చేరిన న్యుమోనియా, మూర్ఛ, మలబద్ధము. వీనిని ముందుగా పసిగట్టునది స్టెతస్కోపు కాదు. ముద్ద చిన్నదిగా చేసి పెట్టినారా, నిటారుగా కూర్చుండబెట్టినారా, మూడు దినములుగా విరేచనము లేదని చార్టులో ఎవరైనను గుర్తించిరా అనునవే ఆయుర్దాయమును నిర్ణయించును. మలబద్ధముచే మనిషి చచ్చిపోవునా యని అడుగువారు కలరు, చచ్చిపోవును, పోవుచున్నారు. జాతీయ ఆరోగ్యసేవ 2023లో దానిపై ప్రత్యేకముగా ప్రచారము చేయవలసివచ్చినది.

కానర్ స్పారోహాక్ అను పదునెనిమిదేండ్ల యువకుని సంగతి ఇక్కడ తలచుకొనక తప్పదు. అతనికి మేధోవైకల్యముతో పాటు మూర్ఛవ్యాధి కలదు. 2013 జూలైలో ఆక్స్‌ఫర్డులోని ఒక ఆరోగ్యసేవా విభాగమున స్నానపుతొట్టిలో నుండగా మూర్ఛ వచ్చి మునిగిపోయెను. కాపలా లేదు. మూర్ఛగలవానిని తొట్టిలో ఒంటరిగా విడువరాదని తల్లికి తెలియును. ఆ సంగతి చెప్పియు నుండెను. నిర్లక్ష్యము ఈ మరణమునకు దోహదమైనదని 2015లో జ్యూరీ తేల్చినది. అచ్చట మనుష్యులు లేక కాదు. ఉన్న మనుష్యులలో ఆ యువకుని ఎఱిగినవారి మాట చెవినిడినవారు లేరు.

దీనినిబట్టి, మనుష్యుల సంఖ్య పెంచినంతనే చాలునా యను ప్రశ్న పుట్టును. చాలదని చాలకాలము క్రిందటనే చెప్పినవాడు కెంట్ విశ్వవిద్యాలయమందలి టిజార్డ్ కేంద్రపు ఆచార్యుడు జిమ్ మాన్సెల్. ఆయనయు, సహపరిశోధకులును చిన్న చిన్న ఇండ్లలో కూర్చుండి నిమిషనిమిషమునకు గమనించి చూచినదేమనగా, సిబ్బంది తగినంతమంది యున్నను, నివాసులు దినములో అధికభాగము ఊరక కూర్చుండియే గడపుట. ఉద్యోగులు వంట చేయుదురు, ఇల్లు ఊడ్తురు, ఒకరితో నొకరు మాటలాడుకొందురు, ఇంటివాడు సోఫాలో నుండును. వారు ప్రచారము చేసిన 'యాక్టివ్ సపోర్ట్' పద్ధతి మిక్కిలి సామాన్యము: అతనికొఱకు టీ చేయకుము, అతనితో కలిసి టీ చేయుము. కెటిల్‌లో నీళ్లు అతడు పట్టును, నీ చేయి అతని చేతిక్రింద నుండును. పాలు ఒలికిన తుడుచుటయు అతని పనియే. పది నిమిషముల పని నలుబది నిమిషములగును. పద్ధతి నేర్చిన ఇండ్లలో నివాసుల జీవితము మాఱినదని పరిశోధనలు చూపినవి.

మాన్సెల్ వాదమును సంఖ్య ముఖ్యము కాదనుటకు వాడుకొనెడి వారు లేకపోలేదు. పొదుపు కోరు అధికారులకు అది తీయగా వినబడును. నాకది సరిగా తోచదు. నలుబది నిమిషముల టీకి నలుబది నిమిషముల మనిషి కావలెను. ముగ్గురుండవలసిన చోట ఇద్దఱున్నపుడు మొదట మాయమగునది ఈ కలిసి చేయుటయే. తరువాత ఈతకొలను, తరువాత గుడి లేక చర్చి, తరువాత స్నేహితుని ఇంటికి పోక. స్నానము, భోజనము, మందులు మాత్రము నిలుచును, వానిని తనిఖీ చేయుదురు గనుక. నేర్చిన పద్ధతి గూడ నేర్చిన మనిషితో పాటు వెళ్లిపోవును. కావున సంఖ్యయు నైపుణ్యమును వేఱువేఱు కావు. నిలుకడ లేనిచోట రెండును ఉండవు.

వింటర్‌బోర్న్ వ్యూ కథ అందఱెఱిగినదే యైనను ఒక అంశమును విడువరాదు. బ్రిస్టల్ చెంతనున్న ఆ ప్రైవేటు ఆసుపత్రిలో రోగులను కొట్టుట, నేలకు అదుముట, నీళ్లు కుమ్మరించుట మొదలైన క్రౌర్యములను రహస్యముగా చిత్రించి బి.బి.సి. పనోరమ 2011 మే నెలలో ప్రసారము చేసినది; పదునొకండుగురు దోషులైరి, ఆఱుగురు చెఱసాలకు పోయిరి. అచ్చట ఒక రోగికి వారమునకు సగటున 3,500 పౌండ్లు ప్రజాధనము చెల్లించుచుండిరి. డబ్బు లేక ఆ దుర్గతి పట్టలేదు. ఆ డబ్బు శిక్షణలేని, పర్యవేక్షణలేని చౌక ఉద్యోగి వఱకు చేరలేదు. ఇది మఱచి నిధులు పెంచుడని మాత్రము కోరువారు సగము మాటయే చెప్పుచున్నారు.

దాని తరువాత ప్రభుత్వము ఇచ్చిన వాగ్దానముల చరిత్ర ఇంకను విచిత్రము. ఆసుపత్రులలో అనవసరముగా నున్నవారినందఱిని 2014 జూన్ నాటికి ఊళ్లకు తెచ్చెదమనిరి, తేలేదు. పడకలను 35 నుండి 50 శాతము వఱకు 2019 మార్చికి తగ్గించెదమనిరి, కాలేదు. 2024 మార్చికి సగము చేసెదమనిరి; అదియు దాటిపోయెను. మేధోవైకల్యము గలవారు, ఆటిజము గలవారు సుమారు రెండు వేలమంది ఇంకను ఆ పడకలపై నున్నారు. వారి నివాసము సగటున ఐదేండ్ల దరిదాపు. ఇల్లు కుదిరినను సహాయక బృందము కుదురక, బృందము కుదిరినను శిక్షణ ముగియకమునుపే ఇద్దఱు వెళ్లిపోయి, విడుదల తేదీ ముందుకు జరుగుచుండుట అక్కడి కుటుంబములకు అలవాటైన సంగతి. 2024 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన మానసికారోగ్య చట్ట సవరణ, కేవలము మేధోవైకల్యమో ఆటిజమో కారణముగా మనిషిని దీర్ఘకాలము చికిత్సకై నిర్బంధించు అధికారమును తొలగించునది; కాని ఊళ్లలో తగిన సేవలు సిద్ధమైనగాని ఆ భాగమును అమలుపఱచబోమని ప్రభుత్వము చెప్పినది. మనిషి స్వేచ్ఛను గూర్చిన చట్టము నియామకములకొఱకు ఎదురుచూచుట బహుశః అరుదు.

ఈ కొఱతను పూరించుచున్నవారిలో మన వారు గూడ నున్నారు. 2021లో ఐరోపా సమాఖ్య నుండి స్వేచ్ఛగా వచ్చెడి శ్రామికులు ఆగిపోయిరి. అంతకు పూర్వమేడు ఈ పనిని నైపుణ్యము తక్కువదని ఎంచి వలస విధానము నుండి విడిచిన ప్రభుత్వమే, 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా తలుపు తెఱచినది. 2023-24లో సుమారు 1,05,000 మంది ఇట్లు విదేశములనుండి వచ్చి చేరిరి; నైజీరియా, జింబాబ్వే, ఇండియాలవారు అందు ముఖ్యులు. హైదరాబాదు, గుంటూరు, విశాఖపట్టణముల నుండి ఎం.ఎస్.సి. చదువులకు వెళ్లిన మన విద్యార్థులు వారమునకు 20 గంటల పరిమితిలో కేర్ హోములలో షిఫ్టులు చేయుట లండను మొదలు బర్మింగ్‌హామ్ వఱకు మామూలు మాట. చదువు ముగిసిన పిమ్మట ఈ వీసాకు మాఱినవారును కలరు. లక్షల రూపాయలు దళారులకిచ్చి, నేరుగా ఊరినుండి వచ్చినవారును కలరు. ఇంటివద్ద తాతకు అన్నము కలిపిపెట్టిన చేయి ఈ పనిలో పనికివచ్చును, సందేహము లేదు. అయితే లాంకషైరు యాసలో సగము మ్రింగి పలుకు మాటను, దానికి తోడుగా చేయు సైగను పట్టుకొనుటకు కాలము పట్టును.

అసలు చిక్కు యాసలో లేదు, వీసాలో నున్నది. ఉద్యోగము పోయినచో 60 దినములలో వేఱొక స్పాన్సరును వెదుకుకొనవలెను, లేనిచో దేశము విడువవలెను. 2022 జూలై నుండి 2024 డిసెంబరు లోపల సంరక్షణ రంగములో 470కి పైగా సంస్థల స్పాన్సరు లైసెన్సులు రద్దయినవి. వానితో ముడిపడిన పనివారు 39,000కు మించిరి. ఇట్లు తలపై కత్తి వ్రేలాడుచుండగా, తోటి యుద్యోగి నివాసిని చెంపపై కొట్టుట చూచిన మనిషి ఫిర్యాదు చేయునా? వింటర్‌బోర్న్ వ్యూ బయటపడినది ఉద్యోగులలో ఒకరు నోరు తెఱచుటచేతనే. నోరు తెఱచిన బహిష్కృతులగుదురను భయమున నున్నవారిచే ఇండ్లను నింపుట, మాటలు రాని నివాసులకు రక్షణ కాజాలదు. ఈ వీసా ఏర్పాటులో నాకు కనబడు పెద్ద లోపమిది, దీనిని గూర్చిన చర్చ మాత్రము తక్కువ. 2024 మార్చి నుండి వీరు భార్యాబిడ్డలను తెచ్చుకొనుట నిషిద్ధమైనది; 2025 జూలైలో విదేశములనుండి క్రొత్త నియామకములే ఆగిపోయినవి. ఖాళీలను తగ్గించిన దారియే మూసివేయబడినది. తగ్గిన సంఖ్య ఎన్నాళ్లు నిలుచునో చూడవలెను.

కుటుంబముల సంగతి సంక్షేపముగా చెప్పవచ్చును, అది అన్ని దేశములలోను ఒక్కటే గనుక. మనిషి రాని దినమున తల్లి వచ్చును. డెబ్బదియైదేండ్ల తల్లి ఏబదియేండ్ల కుమారుని ఎత్తి కూర్చుండబెట్టును. కౌన్సిలు సొమ్మును నేరుగా తీసికొని తమకు నచ్చిన సహాయకుని తామే నియమించుకొనుటకు 1996 నాటి చట్టముతో వీలు కలిగినది, అది గొప్ప మేలు; కాని ప్రకటన వేయుట, జీతపు పన్ను లెక్కలు చూచుట, ఎవరును రానిచో ఆ గంటలను వాడక పోగొట్టుకొనుట గూడ ఇప్పుడా తల్లి పనియే. ఇంకొకరి ఇంట కుటుంబసభ్యునివలె నివసించు 'షేర్డ్ లైవ్స్' పద్ధతిలో షిఫ్టులు లేవు గనుక మనిషి మాఱడు. అది కుదిరినవారు అదృష్టవంతులు, అందఱికి కుదురదు.

మార్గాంతరములు లేకపోలేదు, పొరుగుననే కలవు. స్కాట్లండు 2016 నుండి ఈ ఉద్యోగులకు చట్టపు కనీస వేతనముకన్న హెచ్చైన జీవన వేతనమునకు నిధులిచ్చుచున్నది. స్కాట్లండునను వేల్సునను సంరక్షణ ఉద్యోగుల పేర్లు వృత్తిపట్టికలో నమోదు కావలెను. ఇంగ్లండున అట్టి పట్టికయే లేదు: ఒక ఇంట తొలగింపబడినవాడు ఇంకొక ఇంట చేరుటకు ఆటంకము తక్కువ, పదేండ్ల నైపుణ్యమునకు గుర్తింపును తక్కువ. మేధోవైకల్యమును గూర్చిన శిక్షణ ఆలివర్ మెక్‌గోవన్ అను యువకుని మరణానంతరము 2022 చట్టముతో తప్పనిసరియైనది; మంచి మెట్టు, కాని ఏటేట నలుగురిలో ఒకరు మాఱు చోట శిక్షణ యనునది చిల్లుకుండలో నీళ్లు పోయుట. అనేక ధర్మసంస్థలు తమ సిబ్బంది ఇంటర్వ్యూలలో వైకల్యము గలవారినే పరీక్షకులుగా కూర్చుండబెట్టుచున్నవి; వారడుగు ప్రశ్నలు నిర్వాహకులకు తట్టనివి: నీకు ఫుట్‌బాల్ ఇష్టమా, కుక్కలకు భయపడుదువా, శుక్రవారము రాత్రి ఆలస్యమైన విసుగుకొందువా?

లూయీస్ కేసీ అధ్యక్షతన 2025లో మొదలైన సంఘము వయోజన సంరక్షణ నంతటిని సంస్కరించు తుది నివేదికను 2028లో ఈయవలసి యున్నది. అదే సంవత్సరము నుండి ఉద్యోగుల న్యాయవేతన ఒప్పందము అమలునకు 50 కోట్ల పౌండ్లు కేటాయించెదమని ప్రభుత్వము ప్రకటించినది. సుమారు పదునాఱు లక్షల కొలువులున్న రంగమునకు ఈ మొత్తమును పంచినచో గంటకు పడునది పెన్నీలలోనే యుండును. ఆ పెన్నీలను అందఱికి సమముగా చల్లివేసినచో క్రిందిమెట్టు మఱికొంత లేచును, 6 పెన్నీల తేడా అట్లే నిలుచును. యాజమాన్యములును కార్మిక సంఘములును కూర్చుండు ఆ బల్లమీద గంటకెంత యను ప్రశ్నతో పాటు, ఒకే ఇంట ఐదేండ్లు నిలిచినవారికి ఎంత, కౌన్సిలు కాంట్రాక్టులో ఆ నిలుకడకు ధర యెక్కడ వ్రాయుదురు అను ప్రశ్న గూడ ఉండవలెను. ఆ కాంట్రాక్టులు ఇప్పటికిని గంటలనే లెక్కించుచున్నవి.